నా చేత్తో నేనే నా పని పోగొట్టుకోవడానికి అక్కడికి వెళ్ళాలా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ చిక్కడపల్లి నుంచి. పేరు వేయొద్దన్నారు, "అక్షరాల మేస్త్రీ అని రాసుకోండి చాలు" అన్నారు కాబట్టి నేనూ మేస్త్రీ గారనే పిలుస్తాను. ఆరు పేజీలు, రూళ్ళ కాగితం మీద చేత్తో రాసి, ఫోన్‌లో ఫోటోలు తీసి పంపారు. దస్తూరి ముత్యాల్లా ఉంది. మొత్తం ఇక్కడ పెట్టలేను కాబట్టి సారాంశం చెప్తాను.

ఆయనకి 51 ఏళ్ళు. 1991లో, పదిహేడేళ్ళ వయసులో నారాయణగూడలో ఒక ప్రెస్సులో కంపోజింగ్ పనికి చేరారు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి స్టిక్కులో పేర్చే పని. 1997లో ఆ ఓనరు అక్షరాలన్నిటినీ కాటా వేసి తూకానికి అమ్మేసి రెండు కంప్యూటర్లు కొన్నాడు. నలుగురు కంపోజిటర్లలో ముగ్గురు వెళ్ళిపోయారు, ఈయన మాత్రం కూర్చుని డీటీపీ నేర్చుకున్నారు. 2002లో బావమరిదితో కలిసి సొంత షాపు. పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, సెంట్రల్ లైబ్రరీకి వచ్చే గ్రూప్స్ పిల్లలకి జిరాక్సులు. మూడు కంప్యూటర్లు, కౌంటర్లో వాళ్ళావిడ, కంపోజింగ్‌కి ఒక పాతికేళ్ళ అమ్మాయి.

వీళ్ళకి 14 ఏళ్ళుగా స్థిరంగా వస్తున్న పని ఒకటుంది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళ మాసపత్రిక, 32 పేజీలు, 1,500 కాపీలు. కంపోజింగ్‌కి పేజీకి 120 రూపాయలు, అంటే నెలకి 3,840. ప్రింటింగ్ మీద ఇంకో 5,000 దాకా మిగులుతుంది. ఆ సంస్థ మేడం ఫోన్ చేసి, వచ్చే నెల రెండో వారంలో వికారాబాద్ వైపు ఒక శిక్షణ కేంద్రంలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఎనిమిది రోజుల వర్క్‌షాప్ ఉందని, స్వచ్ఛంద సంస్థలకీ చిన్న వ్యాపారాలకీ కలిపి పెడుతున్నారని, తిండీ పడకా అక్కడేనని, "మీరూ రండి, ఫీజు 6,000లో సగం మేం పెట్టుకుంటాం" అని చెప్పారట. సోమవారం లోపు జవాబు చెప్పాలి.

బావమరిది అన్నమాట: "పెళ్ళిళ్ళ సీజన్‌లో షాపు వదిలేసి, ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఎదురు డబ్బు కట్టి వెళ్తావా బావా?" గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న కొడుకు అన్నమాట: "నాన్నా, అక్కడ అందరూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడతారు, నువ్వు వెళ్ళి ఏం చేస్తావు?" రెండోది ఎక్కువ నొప్పి పెట్టిందని ఆయనే రాశారు. ఇంకో రెండు విషయాలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. షాపులో సాఫ్ట్‌వేర్ అంతా క్రాక్‌దే, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీలే. నెల కిందట ఎవరో ఫోన్ చేసి "మీరు వాడే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ వివరాలు చెప్పండి" అని అడిగితే భయపడి పెట్టేశారు, అప్పట్నుంచీ నిద్ర లేదు. రెండోది అసలు విషయం. మేడం ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు పత్రికని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుని తెలుగుగానే చదవగలిగే పద్ధతిలోకి మార్చి ఆఫీసులోనే కంపోజ్ చేద్దాం అంటున్నాడట. "నా చేత్తో నేనే నా పని పోగొట్టుకోవడానికి అక్కడికి వెళ్ళాలా? వెళ్ళమంటారా వద్దంటారా, ఒక్క మాటలో చెప్పండి."

మేస్త్రీ గారూ, ఒక్క మాటలో చెప్పను, ఏమీ అనుకోకండి. మీరు ఒక్క ప్రశ్న అడిగాననుకుంటున్నారు గానీ నాలుగు అడిగారు. అన్నీ ఒకే దారంతో చిక్కుపడి ఉండటం వల్ల మీకు ఒక్కటిగా కనిపిస్తున్నాయి. వాటిలో మీ బావమరిది అడిగింది అన్నిటికన్నా తేలిక, అది ముందు తీసేద్దాం.

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులెందుకు అన్నది న్యాయమైన ప్రశ్నే. ఈ తికమక ఇంగ్లీషు వాళ్ళు పెట్టింది. వాళ్ళకి ఊరికే వచ్చేదానికీ, స్వతంత్రంగా ఉండేదానికీ ఒకటే మాట. మనకి ఆ ఇబ్బంది లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్ళు తమ సంస్థకి 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నారు, ఎప్పుడైనా విన్నారేమో. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన మొదలుపెట్టిన ఈ ఉద్యమం చెప్పేది ఇదే. ప్రోగ్రామ్‌ని ఎందుకైనా వాడుకునే హక్కు, లోపల ఎలా ఉందో చూసే హక్కు, మార్చుకునే హక్కు, పదిమందికి పంచే హక్కు. ధర సంగతి తర్వాత. మీరు కట్టే మూడు వేలు సాఫ్ట్‌వేర్‌కి కాదు, ఎనిమిది రోజుల అన్నానికీ, మంచానికీ, నేర్పేవాళ్ళ దారి ఖర్చులకీ. బావమరిదికి ఇది ఇలాగే చెప్పండి, లెక్క అర్థమయ్యే మనిషిలాగే ఉన్నారు.

సీజన్ సంగతి మాత్రం ఆయన అన్నది నిజం, దానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మీ అబ్బాయి అన్నమాట. ఇలాంటి క్యాంపులు ఎలా ఉంటాయో ఆ అబ్బాయికి తెలియదు, ఆఫీసు ట్రైనింగ్‌లాగా ప్రొజెక్టర్ వేసి ఒకడు చెప్తుంటే మిగిలినవాళ్ళు ఆవులించే వ్యవహారం అనుకుంటున్నాడు. ఈ పద్ధతికి మన వైపు మంచి చరిత్రే ఉంది. 2005 జనవరిలో బెంగళూరు దగ్గర ఏషియా సోర్స్ అని స్వచ్ఛంద సంస్థల కోసం ఒక క్యాంపు పెట్టారు, రకరకాల దేశాల నుంచి వచ్చి వారం రోజులు ఒకేచోట ఉన్నారు. రెండోది 2007 జనవరిలో ఇండోనేషియాలో, సుకబూమి దగ్గర. దానికి చిన్న వ్యాపారాల వాళ్ళని కూడా కలిపారు, మీకు వచ్చిన పిలుపు లాగానే. అక్కడే ఉండి తినడం ఎందుకంటే, పగలు చెప్పింది రాత్రి పక్కవాడి మంచం మీద కూర్చుని చేసి చూస్తేనే వస్తుంది కాబట్టి, షాపులో ఉంటే పది నిమిషాలకోసారి "అన్నా, రెండు సెట్లు జిరాక్స్" అని ఎవరో ఒకరు వస్తారు కాబట్టి. ఒక పూట బల్లకి ఒకరు చొప్పున కూర్చుని తమకి తెలిసిన పని అయిదేసి నిమిషాలు చూపిస్తారు, గంట కొట్టగానే చుట్టూ ఉన్నవాళ్ళు పక్క బల్లకి జరుగుతారు. తిరునాళ్ళలాగా ఉంటుంది. ఇంకో పూట వచ్చినవాళ్ళే ఒకరికొకరు నేర్పుకుంటారు. కోడింగ్ వచ్చినవాళ్ళు కొందరే, అకౌంట్లు చూసేవాళ్ళు, స్కూలు నడిపేవాళ్ళు, చేనేత సొసైటీ సెక్రటరీలు, ఇలాంటివాళ్ళే ఎక్కువ. ఇంగ్లీషు వినపడుతుంది, నిజమే. వికారాబాద్‌లో పెట్టినప్పుడు సగానికి పైగా తెలుగే నడుస్తుందని నా అంచనా, అయినా మేడంని అడిగి తెలుసుకోండి.

అంతకన్నా ముఖ్యం, ఆ బల్లల దగ్గర మీరు ఒకవైపే ఉంటారని ఎందుకనుకుంటున్నారు?

ఇది మీకు మీ ఉత్తరంతోనే చూపిస్తాను. ముప్పై ఏళ్ళ దగ్గర దగ్గర కంప్యూటర్ మీద తెలుగు కొట్టిన మనిషి నాకు చేత్తో ఎందుకు రాశారా అని నాలుగో పేజీ దాకా ఆలోచించాను. అక్కడ ఒక మూల చిన్నగా రాశారు, "టైపు చేసి పంపితే మీకు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి" అని. చూశారా. మీ షాపులో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, మీ తెర మీద తెలుగే, మీ కాగితం మీద తెలుగే, కంప్యూటర్ లెక్కలో మాత్రం అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకి, గుర్తులకి తొడిగిన తెలుగు చొక్కా. ఆ చొక్కా లేని ఫోన్‌లోకి వెళ్ళగానే లోపలి గుర్తులు బయటపడతాయి. అందుకే 14 ఏళ్ళ పత్రికలో ఫలానా వ్యాసం ఎక్కడుందో వెతకాలంటే వెతకలేరు, బైండింగులు తిరగేయాల్సిందే.

యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికీ దాని సొంత నంబరు ఉంటుంది. 'స్త్రీ' అని కొట్టండి, స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. త వత్తునీ ర వత్తునీ ఏ సైజులో ఎక్కడ వేలాడదీయాలో ఫాంటు చూసుకుంటుంది, మీరు అనులో లాగా ముక్కలు తెచ్చి అతికించక్కర్లేదు. ఇందులో ఒక ఆటపట్టింపు కూడా ఉంది, 'సాఫ్ట్‌వేర్' అని మామూలుగా కొడితే ట కింద వ వత్తు పడి వికారంగా తయారవుతుంది, మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు, సరిగ్గా మీరు స్టిక్కు పట్టుకున్న ఏడు. మనమే ఆలస్యంగా వెళ్తున్నాం.

ఇది ఎందుకు ఇంత పొడుగ్గా చెప్తున్నానంటే, ఆ క్యాంపులో సంస్థల వాళ్ళు అందరూ ఇదే గోడకి తల కొట్టుకుంటూ ఉంటారు. వాళ్ళ పాత నివేదికలు, కరపత్రాలు, పాటల పుస్తకాలు అన్నీ అనులోనో ఇంకో పాత ఫాంటులోనో ఇరుక్కుని ఉంటాయి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక వంద తప్పులొస్తాయి, ఏ వత్తు ఎక్కడ ఎగిరిపోయిందో ఒక్క చూపులో పట్టుకునే కన్ను కావాలి. సీసం అక్షరాన్ని తిరగేసి చదివిన కన్ను అది. గచ్చిబౌలిలో అది దొరకదు.

ఇక మేడం సంగతి, అంటే మీ అసలు భయం. మేడం మనసులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పని తీసేసుకోవాలనుకున్న మనిషి మీ ఫీజు సగం ఎందుకు కడుతుంది అని నాకనిపిస్తోంది, కానీ నేను దూరం నుంచి అంటున్న మాట. మీ అంకెలే చూద్దాం. కంపోజింగ్ మీద నెలకి 3,840, ప్రింటింగ్ మీద 5,000. ఆ కుర్రాడు యూనికోడ్‌లో టైపు చేయడం మొదలుపెడితే పోయేది మొదటిది, అదీ పూర్తిగా కాదు, ఎందుకంటే టైపు వేరు, పేజీ కట్టడం వేరు. 32 పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే ఫారాలకి సరిపడా అమర్చి, ఫోటోలు సరిచేసి, నలుపు సరిగ్గా పడేలా ఫైలు తయారు చేసి ప్రెస్సుకి పంపడం ఆ కుర్రాడికి మొదటి నెల చేతకాదు, మూడో నెల కూడా అనుమానమే. మీరు వెళ్ళకపోతే ఏమవుతుందో ఆలోచించండి. వాళ్ళు యూనికోడ్‌లో ఫైలు పంపిస్తారు, అది మీరు పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో తెరుచుకోదు, "మా దగ్గర రాదండీ" అంటారు మీరు, వాళ్ళు వచ్చే ఇంకో షాపు వెతుక్కుంటారు. అప్పుడు రెండూ పోతాయి. వెళ్తే టైపు డబ్బులు పోవచ్చు, మిగిలినవి నిలిచే అవకాశం ఉంది. పోతాయేమో అన్న దాంట్లో కొంత, మీరు వికారాబాద్ వెళ్ళినా వెళ్ళకపోయినా పోయేదే. ఇది తియ్యగా చెప్పడానికి నాకు చేతకావడం లేదు.

ఛత్తా బజార్‌లో ఉర్దూ పెళ్లికార్డులు రాసే కాతిబ్‌లు మీకు తెలిసే ఉంటారు. తొంభైల్లో ఉర్దూకి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక కలం పని ఎలా తగ్గిపోయిందో మీ కళ్ళ ముందే జరిగింది. వాళ్ళ కథ మీకు చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు, 1997లో మీ కథ మీరే రాశారు కదా. ఆ ముగ్గురూ వెళ్ళిపోయినప్పుడు మీరు ఎందుకు ఉన్నారో ఉత్తరంలో రాయలేదు. నాకు తెలుసుకోవాలని ఉంది.

మేడంకి సోమవారం ఫోన్ చేసినప్పుడు చుట్టూ తిప్పకుండా అడగండి. "మేడం, పత్రిక యూనికోడ్‌లోకి వెళ్తోందని విన్నాను, మంచిదే, అందులో నా పని ఎంతవరకు ఉంటుంది?" అని. ఆవిడ ఇబ్బంది పడితే అది కూడా జవాబే. "మీరే చూసుకోవాలి" అంటే ఆ మాట పట్టుకుని కనీసం ఏడాదికి ఎంతకి, ఏమేం పనులు, కాగితం మీద పెట్టించుకోండి. పద్నాలుగేళ్ళ పరిచయంలో కాగితం అడగడం మొహమాటంగా ఉంటుంది, కొంచెం మొహమాటం ఇప్పుడు పడటమే నయం.

క్రాక్ సాఫ్ట్‌వేర్ గురించి. నేను లాయర్‌ని కాదు, చట్టంలో ఉన్నది చెప్తాను. 1957 కాపీరైట్ చట్టంలో 63బీ అనే సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం, లాభం కోసం కాకుండా వాడినట్టు తేలితే కోర్టు జైలు లేకుండా వదిలే వీలుంది, కానీ బోర్డు కట్టిన షాపుకి ఆ దారి లేదు. చూసీ చూడనట్టు ఇన్నేళ్ళు నడిచింది, చిక్కడపల్లిలో మీరొక్కరే కాదు, అందుకని తప్పు కాకుండా పోదు. ఆ ఫోన్ మాత్రం నిజమైనదో, ఏదైనా అమ్మేవాళ్ళదో, మోసగాళ్ళదో తెలియదు. మళ్ళీ వస్తే ఫోన్‌లో ఏమీ చెప్పకండి, డబ్బు అసలు పంపకండి, రాతపూర్వకంగా పంపమనండి, కాగితం వస్తే లాయర్ దగ్గరికి వెళ్ళండి. క్యాంపులో ఎవరైనా మీరు ఏం వాడతారు అని అడిగితే నిజం చెప్పినా కొంప మునగదు, అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది దీంట్లోంచి బయటపడటానికే వస్తారు.

దీనికి ఓపెన్ సోర్స్ ఒక్కటే మందు అని నేను అనను. లైసెన్స్ కొనుక్కోవడం కూడా నిజాయితీ గల దారే. నా సలహా రెండూ కలిపి. కోరల్‌లో మీకున్న పెళ్లికార్డుల డిజైన్లు ఇరవై ఏళ్ళ ఆస్తి, దాని బదులు ఓపెన్ సోర్స్‌లో దొరికే ఇంక్‌స్కేప్‌లో ఆ ఫైళ్ళు కొంతవరకే తెరుచుకుంటాయి, పైగా ఇంక్‌స్కేప్‌కీ, ఫోటోలు దిద్దే జింప్‌కీ ప్రెస్సుకి కావలసిన నాలుగు రంగుల పని ఇప్పటికీ అంత బాగా రాదు. కాబట్టి ఒక్క కంప్యూటర్‌కి కోరల్ లైసెన్స్ కొనండి. పేజ్‌మేకర్ ఎలాగూ 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తో ఆగిపోయింది, దాని బదులు స్క్రైబస్ నేర్చుకోండి. ఒకప్పుడు అందులో తెలుగు వత్తులు చెల్లాచెదురయ్యేవి. 2024లో వచ్చిన 1.6 నుంచి అందరూ వాడుకునే వెర్షన్‌లోనే తెలుగు గుణింతాలు, వత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి, నాలుగు రంగుల పీడీఎఫ్ నేరుగా వస్తుంది. ఉత్తరాలకి, బిల్లులకి లిబ్రేఆఫీస్. ఫాంట్లకి మండలి, రామభద్ర, గురజాడ, సురవరం, లక్కిరెడ్డి ఉన్నాయి. అందరికీ పంచుకోవచ్చు, పత్రికలో వాడుకోవచ్చు, ఫాంటుని మాత్రమే విడిగా పెట్టి అమ్ముకోకూడదు, అంతే. పెళ్లికార్డుకి అనులో ఉన్నన్ని వయ్యారాలు వీటిలో లేవని మీరంటారు. ఒప్పుకుంటాను. మీ వేళ్ళకి అలవాటైన యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక సంగతి కూడా అడిగారు, విండోస్ బదులు వాడే లినక్స్‌లో అదే పేరుతో తెలుగు లేఅవుట్ ఒకటి ఉంది, మీ చేతికి ఎంత అతుకుతుందో అక్కడే కూర్చుని చూసుకోండి. లెక్కలకి ఈఆర్‌పీ (వ్యాపారం మొత్తాన్ని ఒకేచోట నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్) అదీ ఇదీ అని ఎవరైనా ఊదరగొడితే దణ్ణం పెట్టి పక్క బల్లకి జరగండి, మీ షాపుకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఒక్క హెచ్చరిక, నా అనుభవంతో చెప్తున్నా. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న సంస్థలో ఆఫీసు పని చూసేటప్పుడు నేనూ నాలుగు రోజులు ఇలాంటి క్యాంపుకి వెళ్ళొచ్చాను. వెళ్ళొచ్చిన ఉత్సాహంలో ఆదివారం కూర్చుని ఆఫీసులో అయిదు కంప్యూటర్లకీ ఉబుంటు అనే లినక్స్ ఎక్కించేశాను. సోమవారం పొద్దున ప్రింటర్ ఒక్క కాగితం కూడా కక్కలేదు. దానికి లినక్స్ డ్రైవర్ సరిగ్గా లేదని ముందు చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు నాకు. జీతాల రోజు అది. మా అకౌంటెంట్ గారు పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎండలో నెట్ సెంటర్‌కి రెండుసార్లు తిరిగారు, తర్వాత మూడు వారాలు నాతో మాట్లాడలేదు. కాబట్టి మీరు వెళ్ళొచ్చాక ఒక్క కంప్యూటర్ మార్చండి, జిరాక్స్ మెషీను, ప్రింటరు, ప్లాటరు ఏవున్నా దానితో పనిచేస్తున్నాయో లేదో ఒక నెల చూడండి. మీ దగ్గర రెండింట్లో విండోస్ 10 ఉందన్నారు, దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, కాబట్టి ఆ రెండింట్లో ఒకదాన్ని ముందు పట్టుకోండి.

ఇప్పుడు సీజన్. మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవి, ఏది పట్టుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి.

పూర్తిగా ఎనిమిది రోజులూ వెళ్తే షాపు బావమరిది మీద, మీ ఆవిడ మీద, ఆ అమ్మాయి మీద పడుతుంది. ముహూర్తాల కార్డులు చాలావరకు నెల ముందే వస్తాయి కాబట్టి, వెళ్ళేముందు పది రోజులు రాత్రి పదింటిదాకా కూర్చుంటే సగం భారం తగ్గించొచ్చు. మిగిలిన సగానికి బావమరిది కష్టపడాలి, అది ఆయన్ని అడగాలి, చెప్పి వెళ్ళిపోవడం కాదు. ఆ ఎనిమిది రోజుల కార్డుల లాభంలో ఆయనకి ఎక్కువ వాటా ఇస్తానని మీరే ముందు అనండి. భాగస్వామ్యంలో ఉన్న బావమరిదికి గౌరవం కూడా లెక్కే.

నాలుగు రోజులు ఉండి వచ్చేస్తానంటే వాళ్ళు ఒప్పుకోవచ్చు, కానీ ఇలాంటివాటిలో మొదటి రెండు రోజులూ పరిచయాలకే పోతాయి, చేతికి పని దొరికేది ఆ తర్వాతే. సగంలో వచ్చేవాళ్ళకి పులిహోర దాకా కూర్చుని పాయసం ముందు లేచినట్టవుతుంది. దానికన్నా ఎనిమిది రోజులకీ ఒప్పుకుని, మధ్యలో నిజంగా అవసరమైతే ఒక పూట వచ్చి వెళ్ళండి, వికారాబాద్ ఏమంత దూరం, రైలు కూడా ఉంది.

మీ బదులు ఆ అమ్మాయిని పంపొచ్చు. ఆ అమ్మాయి రోజూ ఫోన్‌లో తెలుగు టైపు చేస్తూనే ఉంటుంది, అంటే తెలియకుండానే యూనికోడ్‌లో ఉంది, మీకు వారం పట్టేది తనకి రెండు రోజుల్లో వస్తుంది. వాళ్ళ ఇంట్లో ఒప్పుకోవాలి, అమ్మాయిలకి బస ఏర్పాట్లు ఎలా ఉన్నాయో కనుక్కోవాలి, జీతం కొంచెం పెంచాలి, లేకపోతే నేర్చుకొచ్చిన మూడో నెలకి ఇంకెవరో తీసుకుపోతారు. నిజంగా చెప్పాలంటే, మీరు వెళ్ళినా సరే, ఇంకో సీటు ఉందేమో మేడంని అడగండి. పేజీ ఎలా ఉండాలో తెలిసిన మీరు, బటన్లు ఎక్కడున్నాయో చటుక్కున పట్టేసే ఆ అమ్మాయి, ఇద్దరూ కలిస్తే ఆ కుర్రాడు పత్రికని ఆఫీసులో చేసుకుందాం అనడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇద్దరూ లేకపోతే షాపు మూతే అంటారా, అయితే ఒకరే.

అసలు వెళ్ళకపోవడం కూడా ఒక దారే, దాన్ని తప్పు పట్టను. సీజన్ అయ్యాక ఇక్కడే, నగరంలోనే స్వేచ్ఛ లాంటి వాళ్ళ దగ్గర సెలవు రోజుల్లో నేర్చుకోవచ్చు, డబ్బు ఖర్చు తక్కువ. కానీ మిమ్మల్ని ఈ ఉత్తరం బట్టి చూస్తే, షాపు పక్కనే ఉండగా ఆదివారం మధ్యాహ్నం కూర్చుని కొత్తది నేర్చుకుంటారని నాకు నమ్మకం లేదు. మేడంకి మాత్రం 'కుదరదు' అని ఒక్కమాట చెప్పి వదిలేయకుండా, ఫలానా నెలలో యూనికోడ్ ఫైలు తీసుకోవడం మొదలుపెడతాను అని తేదీ చెప్పండి.

మీ అబ్బాయి గురించి నేనేం పెద్దగా చెప్పను. ఆ మాట అహంకారంతో అన్నాడో, నాన్న నలుగురిలో చిన్నబోతాడేమో అన్న బెంగతో అన్నాడో మీరే ఎక్కువ చెప్పగలరు. వెళ్ళాలని తేల్చుకుంటే వాడి పాత ల్యాప్‌టాప్ ఒకటి అడగండి. ఇస్తాడు. లినక్స్ ఎక్కించి ఇవ్వమనండి, ఆ వంకతో ఒక ఆదివారం పక్కన కూర్చుంటాడు.

క్రాక్ సంగతి, ఆ ఫోన్ సంగతి మీ ఆవిడకి చెప్పండి. కౌంటర్లో కూర్చునేది ఆవిడే, రేపు ఎవరైనా వచ్చి అడిగితే ముందు ఎదురయ్యేది కూడా ఆవిడే.

వెళ్తే మీ పత్రిక పాత సంచిక ఒకటి, అనులో ఉన్నది ఉన్నట్టుగా, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళండి, ఆ ఫాంట్లతో సహా. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి స్క్రైబస్‌లో మళ్ళీ పేజీ కట్టడం, అదొక్కటే పని పెట్టుకోండి ఎనిమిది రోజులకీ. షుగర్ ఉందన్నారు కదా, మాత్రలు పది రోజులకి సరిపడా, అన్నం వేళ తప్పదని వంటవాళ్ళతో మొదటి రోజే ఒక మాట. దుప్పటి కూడా పెట్టుకోండి, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు రాత్రుళ్ళు మన చిక్కడపల్లిలాగా ఉండవు.